ఫ్రిజ్ మీద అత్తగారు

మా బాబాయి దేనికీ ఒప్పుకోడు. మనసులో అనుకుని ఊరుకునే రకం కాదు, పైకి అనాల్సిందే. మౌనం అర్ధాంగీకారమని చిన్నప్పుడెవరో చెబితే అది ఆయన బుర్రలో మేకులా దిగింది. ఊరుకుంటే సగం ఒప్పేసుకున్నట్టేనని ఆయన భయం. అందుకని ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండి" అన్నా, లిఫ్టు "తలుపులు మూసుకుంటున్నాయి" అన్నా ఆయన జవాబు ఒక్కటే: "నేనొప్పుకోను!"

పెళ్ళినాడు రిజిస్ట్రారు "మీకు సమ్మతమేనా?" అని అడిగితే అలవాటు కొద్దీ నోరు జారాడు. పిన్ని తలెత్తి ఒక్క చూపు చూసింది.

"ఒప్పుకోను... అని ఎవరైనా అంటే నేనొప్పుకోను," అని సర్దుకున్నాడు. అంత వేగంగా ఆయన సర్దుకోవడం మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఇలాంటి మనిషికి క్రిప్టో నాణెం గురించి తెలియడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. కంప్యూటర్లలోనే తిరిగే ఆ డబ్బుకి యజమాని లేడు, ఆఫీసు లేదు. మైనర్లనేవాళ్ళు మిషన్లు పెట్టి జనం లావాదేవీలను కట్టలుగా కడతారు. అందుకు వాళ్ళకు కొత్త నాణేలు ముడతాయి. కట్ట రూలు ప్రకారం ఉందో లేదో మామూలు ఇళ్ళలోని చిన్న కంప్యూటర్లు చూసి, లేకపోతే తిప్పికొడతాయి. బాబాయి కంప్యూటరు ఫ్రిజ్ మీద ఉండేది. పొద్దస్తమానం వచ్చినదానికల్లా వంకలు వెతుకుతుందని పిన్ని దానికి అత్తగారని పేరు పెట్టింది.

పిన్ని తమ్ముడు, అంటే మా మామయ్య, మైనరు. "పెళ్ళయినవాడికి మైనరు వేషాలేమిటి?" అని పిన్ని మొదట్లో కంగారుపడింది. పాపం, అతను ఐసు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో నాలుగు మిషన్లు పెట్టుకున్నాడంతే. ఐసు వ్యాపారం ఎప్పుడో కరిగిపోయింది. ఇల్లు గడిచేది ఆ నాలుగింటి మీదే. అవీ ఆగిపోతే తమ్ముడి సంసారం ఏమవుతుందోనని పిన్నికి ఎప్పుడూ బెంగ.

ఒకరోజు మామయ్య హుషారుగా వచ్చాడు.

"బావా, కట్ట సైజు పెంచుతున్నాం. పెద్ద మైనర్లందరూ సరేనన్నారు, నేనూ సరేనన్నాను. నువ్వు కొత్త ప్రోగ్రాం ఎక్కించుకో."

"ఒప్పుకోను."

"నువ్వొక్కడివి ఒప్పుకోకపోతే ఆగుతుందా?"

"కట్టేది మీరు, పుచ్చుకునేది మేము. మేం పుచ్చుకోని కట్ట చిత్తుకాగితంతో సమానం."

"కరెంటు బిల్లు కట్టేది నేనూ, ఫ్రిజ్ మీద డబ్బా పెట్టుకుని పెత్తనం చేసేది నువ్వూనా!"

మామయ్య కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. పిన్ని ఆ పూట బాబాయికీ కాఫీ ఇవ్వలేదు.

బాబాయిలాంటి మొండిఘటాలు లోకంలో ఎందరున్నారో మార్పు రోజున తెలిసింది. పెద్ద కట్టలను ఇళ్ళలోని అత్తగార్లూ ఆ నాణేలు తీసుకునే కొట్లలోని అత్తగార్లూ కలిసి తిప్పికొట్టారు. ఎవరూ పుచ్చుకోని నాణేలకోసం కరెంటు తగలెయ్యడమెందుకని మైనర్లు ఒక్కొక్కరే పాత రూలుకి వచ్చేశారు. మైనర్లు లేకపోతే కట్టలు కట్టే దిక్కు లేదు గనక బాబాయిలాంటివాళ్ళూ వెక్కిరించకుండా ఊరుకున్నారు. అక్కడ రాజీ కుదిరింది. మా ఇంట్లో బావా బావమరుదులకు మాత్రం మాటల్లేవు.

"గెలిచావుగా! అసలు ఆ మార్పుతో నీకేం నష్టం బాబాయ్?" అని అడిగాను.

బాబాయి గొంతు తగ్గించాడు. "నాకేం నష్టంరా? కట్టలు పెద్దవైతే పెద్ద మిషన్లూ పెద్ద ఇంటర్నెట్టు లైన్లూ ఉన్నవాడే నిలుస్తాడు. మీ మామయ్యకున్నవి నాలుగు. ముందు మూతపడేది వీడి షెడ్డే. పెద్దవాళ్ళు సరేనన్నారని వెర్రివెధవ తన గొయ్యికి తనే సరేనన్నాడు."

"ఆ మాట మామయ్యకే చెప్పొచ్చుగా?"

"వాడి మేలుకోసం అంటే వాడొప్పుకోడు."

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది.

"అయితే మా తమ్ముడంటే మీకు ప్రేమేనన్నమాట!"

బాబాయి నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. నోరు మూసుకుని, లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

పిన్ని కాసేపు చూసి తమ్ముడికి ఫోను కలిపింది.

"ఒరేయ్, సాయంత్రం భోజనానికి రా. మీ బావ సగం ఒప్పుకున్నాడు."