మాట అందించని టీచరమ్మ

మా వీధి టీచరమ్మ పోయిందని నాకు ఒక హోటల్ ముందు నీళ్ల క్యాన్లు దింపుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె కూతురు. నేను అక్కా అని పిలుస్తాను. "పొద్దున లేపితే లేయలేదు రా," అంది.   ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. హోటలాయన బయటికొచ్చి "ఏమప్పా, నిలబడుకోనే నిద్రపోతాండావా?" అని అరిచేదాకా నా భుజం మీద నిండు క్యాను ఉందన్న సంగతే గుర్తు లేదు.

ముందురోజు మధ్యాహ్నం నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. ఆమె ఒక మాట కోసం వెతుక్కుంటోంది. ఆ మాట రాలేదు. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. దాని సంగతి మీకు అర్థం కావాలంటే ఆమె ఇంగ్లీషు ఎట్లా నేర్పేదో ముందు చెప్పాలి.

ఆమె ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరైంది. బడిలో నేను ఆమె దగ్గర చదవలేదు. తొమ్మిదో తరగతిలోనే మానేశాను. ఆ తర్వాత బోరు లారీ మీద కొన్నాళ్లు, దాబాలో కొన్నాళ్లు, వజ్రకరూరు పక్క గాలిమరల దగ్గర కాపలా కొన్నాళ్లు. నాకు ఎక్కడా కుదురు లేదు. చివరికి బుక్కరాయసముద్రంలో నీళ్ల ప్లాంటు ఆటో నడపడానికి కుదిరి, ఆమె ఇంటికి క్యాను వేయడానికి పోయిన రోజు దొరికిపోయాను.

అది విత్తనానికి ముందు కాలం. మా పక్క అప్పుడు ఇంటింటి వసారాల్లోనూ ఆడవాళ్లు కూర్చుని విత్తనం కోసం వేరుశనక్కాయలు చేత్తో ఒలుస్తుంటారు. టీచరమ్మ ఇంట్లో మాత్రం ఒలిచేవాళ్ల నడుమ ఒకరు కూర్చుని ఇంగ్లీషు పుస్తకం పైకి చదవాలి. చదివేవాళ్లకు ఒలిచే పని లేదు. తెలియని మాట వచ్చి ఆగిపోతే దాని అర్థం ఎవరూ అందించకూడదు. అర్థం దొరికేదాకా అందరి చేతులూ ఆగాలి. ఆ పటపట చప్పుడులో ఆలోచన పారిపోతుందని ఆమె పెట్టిన కట్టుబాటు అది.

"క్యాను ఆడ పెట్టి ఈడ కూచో నాయనా. ఈ పేజీ చదువు."

"నాకు రాదు టీచరమ్మా. తొమ్మిదిలోనే వదిలేసినా."

"వచ్చునా అని అడగల్యా నేను. చదువు అన్నా."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఒక పిల్లవాడు మేకను వాగు దాటించే కథ. నడుమ 'రిలక్టెంట్' అనే మాట తగిలింది. ఆగిపోయాను. చేతులన్నీ ఆగిపోయాయి.  మూలనున్న ముసలవ్వ ఊరుకోలేకపోయింది. "చెప్పెయ్యమ్మా, పిల్లోడు చెమటలు కక్కుతాండాడు. మా పనీ నిలిచిపాయ."

"తెలీని మాట ఒంటరిగా ఉండదవ్వా," అంది టీచరమ్మ. "దానికి ఇరుగూ పొరుగూ ఉంటారు. వాళ్లను అడగమను."

ముందు వాక్యంలో పిల్లవాడు తాడు పట్టి లాగుతున్నాడు. తర్వాతి వాక్యంలో మేక కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడింది. "దానికి పోవాలని లేదు... మొండికేసింది?" అన్నాను.

"నువ్వే చెప్పినావు కదప్పా. మళ్లా నన్నెందుకు అడిగేది?"

ముసలవ్వ పెద్దగా నవ్వింది. "అంటే మా ఇంటాయన పనికి పోయేటప్పుడు ఉంటాడే, అట్లనా?" వసారా అంతా నవ్వులు. చేతులు మళ్లీ కదిలాయి. మర్నాటి నుంచి వీధిలో మోటారు ఆడకపోయినా, పొయ్యి అంటుకోకపోయినా అవ్వ "రిలక్టెంట్ అయింది" అనేది.

నేర్చుకున్న మాటను పొద్దు గూకేలోపు ఎవరి మీదైనా వాడాలి. ఇది ఆమె రెండో కట్టుబాటు. "వాడకపోతే అది నీది గాదు, పుస్తకానిదే," అనేది. నేను ఆ మాటను మా అమ్మ మీద వాడాను. "నాకు లేయడానికి రిలక్టెంట్‌గా ఉండాది మా," అంటే, "వాత పెడితే పోతాది లే," అంది మా అమ్మ.

డిక్షనరీని ఆమె అటక మీద పెట్టింది. కావాలంటే స్టూలు వేసుకుని ఎక్కాలి. ఎక్కే బద్ధకంతోనే సగం మాటలు మాకు అర్థమైపోయేవి. ఆమె ఏది కనపడినా చదివించేది. ఎరువు సంచి, మాత్రల అట్ట, పురుగుమందు డబ్బా, టౌన్ నుంచి వచ్చే బస్సు వెనక రాత. మేము ఆలోచిస్తున్నంతసేపు ఒక శనగ్గింజను బుగ్గన పెట్టుకుని కొరక్కుండా ఉండేది. మాట దొరికినాక కొరికేది. ఆ చిన్న చప్పుడు నాకు మెచ్చుకోలు. ఆ వీధి వదిలి ఇంకో పనికి పోవాలని చాలాసార్లు అనుకున్నాను. పోలేదు.

ఈ ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాటలు పోయాయి. మనం చెప్పేవన్నీ తెలుసు, తను చెప్పాలనుకున్నదీ తెలుసు, దాని పేరు మాత్రం నోటికి రాదు. నీళ్లు కావాలంటే 'చెప్పులు' అనేది. అది తప్పని తెలిసి కళ్లు మూసుకునేది. చూడవచ్చిన వాళ్లంతా తలా ఒకటి అందించేవాళ్లు. "కాఫీనా? ఫ్యానా? దుప్పటా?" ఆమె ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టేది. బడిలో కూడా ఆమెకు అంత కోపం వచ్చి ఉండదు.

"అందించొద్దక్కా," అన్నాను నేను ఆమె కూతురితో. "రానిద్దాం." ఆస్పత్రిలో కూడా తొందరపెట్టొద్దు, తననే ప్రయత్నం చేయనీయండి అనే చెప్పారంట.

మధ్యాహ్నం క్యాన్లు వేయడం అయిపోయాక పోయి కూర్చునేవాణ్ని. ఆమె మాకు నేర్పిన దారే పట్టాను. మాట చెప్పను, దాని ఇరుగూ పొరుగూ చెప్తాను.

"గొడ్లు తాగేది టీచరమ్మా. మన బోర్లల్లో లేనిది."

ఆమె సగం నోటితో నవ్వింది. "నీ... నీళ్లు."

విచిత్రం ఏమిటంటే కొన్ని రోజులు తెలుగు దాక్కుని ఇంగ్లీషు ముందు వచ్చేది. ఒకసారి కిటికీలోంచి మబ్బు కనపడింది. నల్లగా వచ్చి, మా ఊరి మీద కాసేపు నిలబడి, చినుకు వేయకుండా పోయింది. ఆమె దాన్ని ఎడమ చేత్తో చూపించి "రిలక్టెంట్" అంది. స్పష్టంగా. 

అదే గదిలో మిషను కుడుతున్న అక్క తల ఎత్తలేదు. "మబ్బును పిలిచింది. నన్ను పిలిచేది మాత్రం రాలేదు," అంది. టీచరమ్మ ఆమెను 'పాపా' అని పిలిచేది. అక్కకు ఇప్పుడు తల నెరుస్తోంది, అయినా ఆ ఇంట్లో పాపే. ఆ ఒక్క పిలుపు కోసం అక్క ఎదురుచూస్తోందని నాకు తెలుసు. టీచరమ్మకూ తెలుసు.

చివరి మధ్యాహ్నం టీచరమ్మ నా వైపు కాదు, మిషను వైపు చూసింది. పెదవులు రెండూ కలిశాయి. "ప్..." అంది. మళ్లీ కలిశాయి. మిషను ఆగిపోయింది. అక్క లేచి వచ్చి మంచం కాడ నిలబడింది. 

"చెప్పెయ్ రా," అంది అక్క నాతో. "ఒక్క తూరి నువ్వు అను. నీ వెనకాలే అంటాది."

"అట్లంటే అది నా మాట అయితాదక్కా. ఆమెది గాదు. ఉండు, వస్తాండాది."

టీచరమ్మ ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆగమని నొక్కిందా, అందించమని నొక్కిందా? ఆమె కళ్లల్లో చూశాను. చుట్టుపక్కల ఏ ఆధారమూ లేదు. నేను ఆగాను. కాసేపటికి ఆమె చెయ్యి వదులైంది, అలసిపోయి కళ్లు మూసుకుంది. "రేపు వస్తాది లే," అని చెప్పి నేను ఆటో తీసుకుని వచ్చేశాను.

కర్మ అయిపోయాక అక్క నన్ను అడిగింది. "ఆ పొద్దు నువ్వు అనింటే, ఆమె కూడా అనిండునా రా?" ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "తెలీదక్కా," అన్నాను. ఇప్పటికీ అదే జవాబు. చదవడం నేర్పిన మనిషిని చదవగలిగానో లేదో నాకు తెలియదు. ఈమధ్య ఏ బోర్డు దగ్గరైనా, ఏ కాగితంలోనైనా తెలియని మాట తగిలితే ఆటో ఇంజను ఆపేస్తున్నాను. పక్క సీటులో ఎవరో మాట్లాడకుండా కూర్చుని ఉన్నట్లు ఉంటుంది. గొంతు వినపడితే ఇంత భయం ఉండేది కాదు. వినపడేది ఆమె మౌనం. నాకు దొరికేదాకా అది లేచిపోదు.

ఆమె పోయిన రోజు నేను హోటల్ దగ్గర్నుంచి పోయేసరికి ఆమెకు స్నానం చేయించి వసారాలో పడుకోబెట్టారు. ఒక పెద్దమ్మ పాత చీర అంచు చించి, గడ్డం కింద నుంచి నడినెత్తికి కట్టబోయింది. అందరికీ కట్టేదే.

"కట్టొద్దు పెద్దమ్మా," అంది అక్క.

"కట్టకపోతే నోరు తెరుచుకుంటాదమ్మా. చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"నేను పట్టుకుంటా."

పెద్దమ్మ గుడ్డ మడిచి బొడ్లో దోపుకుని పక్కకు పోయింది. అక్క వాళ్లమ్మ తల దగ్గర కూర్చుని అరచెయ్యి గడ్డం కింద పెట్టింది. ఎండ వసారా ఎక్కింది, దండలు వచ్చాయి, జనం వచ్చి పోయారు. అక్క చెయ్యి తీయలేదు. వంగి వంగి, చెవి అమ్మ నోటి కాడికే వచ్చింది. నలుగురు వచ్చి పాడె ఎత్తారు. పాడె వీధి మలుపు తిరిగింది. వసారాలో అక్క అరచెయ్యి మాత్రం, అదే ఎత్తులో, దొప్పలా, అట్లాగే ఉండిపోయింది.