అన్నమ్మ సిస్టరు వాగ్దానం కార్డులు

...అందుకే అంటున్నా, మీరు ముందే నవ్వేస్తే నేను చెప్పలేనండీ. అన్నమ్మ సిస్టరూ అలాగే ఆపుకోలేకపోయింది, అదీ చర్చిలో!

దేశ రాజధానిలో, సాకేత్‌లో అద్దె హాల్లో నడిచే తెలుగు చర్చి అది. కొత్త సంవత్సరం పొద్దున తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. కళ్లు మూసుకుని పళ్లెంలోంచి తియ్యాలి. ఏ బైబిలు వాక్యం వస్తే ఏడాదంతా అదే ధైర్యం. పన్నెండేళ్లు ఆ కార్డులన్నీ రాసింది అన్నమ్మే. ఆసుపత్రి డ్యూటీ దిగొచ్చి, ఇంగ్లీషు కలిపిరాతలో, పెన్ను ఎత్తకుండా గొలుసు అల్లినట్టు రాసేది. ఆవిడకి పాట రాదు, బిర్యానీ వండితే ముద్దయిపోతుంది. ఉన్నదల్లా ఆ రాతే.

రెండువేల ఆరు డిసెంబరు చివర్లో పాస్టరుగారబ్బాయి లెవి పుల్ల వేశాడు. "ఆంటీ, యే పఢా నహీ జాతా! మా ఈడు వాళ్లకి ఈ గొలుసులు అర్థం కావు. కంప్యూటర్లో కొట్టేస్తా."

"ఠీక్ హై నాన్నా" అంది గానీ, ఆ వారమంతా ఆవిడకి అన్నం సయించలేదు.

జనవరి ఒకటిన మొదటి కార్డు డెబ్బై ఎనిమిదేళ్ల నథానియేలు తాత తీశాడు. కళ్లజోడు తుడిచి రెండుసార్లు చదివాడు.

"అయ్యగారూ, ఈ ఏడు నాకు కొడుకు పుడతాడంటండీ!"

"దేవుడు తలుచుకుంటే ఎంతసేపు తాతా" అని పాస్టరు సాలొమోనుగారు తనూ ఒకటి తీశారు. కొడుకే. హాస్టలు నర్సులు పదకొండు మందికీ కొడుకులే! లెవి ఒకే వాక్యాన్ని రెండు వందల కార్డుల మీద ప్రింటు కొట్టేశాడు.

"పాలసీసా ఇప్పుడే కొనమంటారా?" అని తాత అడిగేసరికి అన్నమ్మ నవ్వలేక కుర్చీలోంచి జారిపోయింది.

"సిస్టర్, కాస్త పెన్ను పట్టమ్మా" అన్నారు పాస్టరుగారు, మొహం ఎర్రబడి.

కార్డుల వెనకవైపు ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం అక్కడికక్కడే రాసింది. జనం పాటల మీద పాటలు పాడుతూ కూర్చున్నారు. పిల్లలు తమ కార్డుల్ని తిప్పి, తలకిందులు చేసి, చివరికి ఆవిడ ముందే లైను కట్టారు. "ఆంటీ, మేరా పఢో నా!" ఒక్కొక్కరికీ చెవిలో చదివింది. చివర్లో లెవి.

"నీది నీ కంప్యూటర్ని అడగరా" అని కాసేపు ఏడిపించి, చదివింది.

డ్యూటీల్లో ఉండిపోయిన ఏడుగురు నర్సుల కార్డులు తనే ఇచ్చొస్తానంది. ఆరు ఇచ్చేసింది. ఎల్సా మాత్రం వసంత్ కుంజ్‌కి మారిపోయింది. పోస్టులో వేద్దామంటే ఆ పిల్లకీ కలిపిరాత చదవడం రాదు, వెళ్లి వినిపించాల్సిందే. ఒకసారి వెళ్తే ఎల్సా లేదు. ఇంకోసారి బస్సులో పక్కసీటావిడ ఏదో ఫారం నింపమంటే, నింపుతూ నింపుతూ స్టాపు దాటిపోయింది. మార్చి వచ్చినా ఎల్సా కార్డు ఇంకా ఆవిడ బ్యాగులోనే ఉంది.