ఆ గూడబాతు కన్ను

నిన్న పొద్దున నాన్న ఫోన్ చేసినాడు. నెల్లూరు హాస్టల్లో టిఫిన్ లైన్‌లో ఉన్నాను.

"తాత పోయినాడు పాపా" అన్నాడు. అంతే.

ప్లేట్ చేతిలో అట్లానే ఉంది. వెనకాల అమ్మాయి జరగమని భుజం తట్టేదాకా నిలబడే ఉన్నాను.

ఏడుపు వచ్చింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది. దానికి సరైన మాట కోసం నిన్నంతా వెతికినాను. చివరికి చిన్న మాటే దొరికింది.

ఊరట.

తప్పుగా అనుకోవద్దు. ఎందుకో చెప్తాను.

మా తాతకి పంతొమ్మిదివందల అరవైల్లో గూడూరులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, స్కూల్ గ్రూప్ ఫోటోలు. అప్పట్లో ఫోటో తీయడం సగం పనే. మిగతా సగం నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో రిటచింగ్. మొహం మీద మచ్చలు పోగొట్టాలి. నీరసంగా ఉన్న కంట్లో చిన్న మెరుపు పెట్టాలి. ఆ మెరుపు పెట్టడంలో తాత చెయ్యి తిరిగిన మనిషి.

పెళ్ళైన కొత్తల్లో దొరవారిసత్రం వైపు ఉండే అవ్వ వాళ్ళ ఊరికి పోయినాడు. అక్కడ చెరువులో చెట్ల నిండా సంచి ముక్కుల గూడబాతులు, కొంగలు. చూడగానే వాటిని ఫోటో తీయాలని పిచ్చి పట్టింది.

మొదటిసారి స్టూడియోకి పోయినట్టే పోయినాడంట. తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె. గట్టు మీద నిలబడి కెమెరా ఎత్తేలోపే పిట్టలన్నీ ఎగిరిపోయినాయి. దొరికిన ఒక్క కొంగ కూడా మసకగా, కన్ను ఎక్కడుందో తెలీకుండా వచ్చింది.

అలవాటు కొద్దీ పెన్సిల్ తీసినాడు. మనిషికి పెట్టినట్టే కొంగకీ కన్ను పెట్టినాడు.

అవ్వ ఆ ప్రింట్ చాలాసేపు చూసిందంట.

"ఇది కొంగ చూపు కాదు. మీ అమ్మ నా కూరలో ఉప్పు చూసేటప్పటి చూపు."

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి తాత ప్రతిసారీ నవ్వి నవ్వి దగ్గేవాడు.

పెన్సిల్ తగలకుండా ఒక్క పిట్టని తీసి చూపించు, గోడకి తగిలిస్తాను అని అవ్వ పందెం వేసింది.

తాత మళ్ళీ మళ్ళీ పోయినాడు. ఎండ తన వీపు మీద పడేటట్టు నిలబడటం నేర్చుకున్నాడు. తెల్ల చొక్కా మానేసి గోనెసంచి కప్పుకున్నాడు. బర్రెలంటే పిట్టలకి భయం లేదని చూసి, బర్రెలు నీళ్ళలోకి దిగేటప్పుడు కెమెరా నెత్తిన పెట్టుకొని వాటితోపాటే మెల్లగా దిగేవాడు. మందలో ఇంకో బర్రె చేరిందని ఊళ్ళో నవ్వుకున్నారంట.

అట్లా ఒక రోజు, నడుము లోతు నీళ్ళలో, తక్కువ ఎత్తు కొమ్మ మీద ఒక గూడబాతు. అది తల తిప్పి ఈయన వైపు చూసేదాకా ఆగి, నొక్కినాడు.

ప్రింట్‌లో దాని కన్ను మెరిసింది. పెన్సిల్ పెట్టలేదు అని తాత చెప్పినాడు. అవ్వ నమ్మింది. గోడకి తగిలించింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళైంది. ఆ ఫోటో మాత్రం చిల్లకూరులో మా ఇంట్లో అద్దం పక్కనే ఉంది.

పోయిన ఏడాది నేను పిట్టల ఫోటోలు మొదలుపెట్టినప్పుడు తాతే నా గురువు. "నెత్తి తీసినావు, మొహం ఎప్పుడు తీస్తావు? వంగు. దాని కన్ను ఎంత ఎత్తులో ఉంటే నీ కన్ను అంతే ఎత్తులో ఉండాలి" అనేవాడు. యాప్‌లో కన్ను షార్ప్ చేసి చూపిస్తే ఇట్టే కనిపెట్టేవాడు.

మంచం పట్టినాక తాత ఆ గూడబాతు వైపే చూస్తా ఉండేవాడు. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచినాడు.

"పాపా, ఆ కంట్లో మెరుపు పిట్టదా, నాదా? గుర్తు రావడం లేదు. నాదైతే మీ అవ్వకి బతికినన్నాళ్ళూ అబద్ధం చెప్పినట్టే."

ప్రింట్ చూస్తే తెలీదు. నెగెటివ్ చూడాలి. అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తాత అన్నం కూడా సరిగా తినడం మానేసినాడు.

సెలవు పెట్టి అటకంతా వెతికినాను. పాత బిస్కెట్ డబ్బాలో దొరికింది, ఆ కొంగ నెగెటివ్‌తోపాటు.

వెంటనే చూడలేకపోయినాను. పెన్సిల్ ఉంటే?

ఉన్నా సరే, లేదు తాతా అని చెప్పేద్దామనుకున్నాను. మాటలంటే ప్రాణం అని చెప్పుకునే దాన్ని, ఆ ఒక్క అబద్ధాన్ని రకరకాలుగా మార్చి మార్చి రిహార్సల్ చేసుకున్నాను.

తాత నేర్పినట్టే కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకొని చూసినాను. పెన్సిల్ పడిన చోటు నిగనిగలాడుతుంది. కొంగ కన్ను నిగనిగలాడింది.

గూడబాతు కన్ను దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదు.

రెండూ తీసుకెళ్ళి, భూతద్దంతో సహా తాత చేతిలో పెట్టినాను. నా మాట నమ్మాల్సిన అవసరం కూడా లేకుండా ఆయనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"పిట్టదే" అన్నాడు.

ఆ పూట చారన్నం అడిగి తిన్నాడు.

అది పోయిన ఆదివారం. నిన్న తెల్లారుజామున నిద్రలోనే వెళ్ళిపోయినాడు. నా అబద్ధం నా దగ్గరే ఉండిపోయింది, ఎవరికీ అవసరం లేకుండా.

అందుకే ఊరట.

పోయిరా తాతా. అవ్వ అడిగితే తడుముకోవద్దు, ఆ కన్ను పిట్టదేనని గట్టిగా చెప్పు. ఇంక ఏ దిగులూ లేకుండా హాయిగా పడుకో.