శిశు తరగతిలో నాలుగేళ్లు

పోయిన నెల మార్కాపురంలో ఉపాధ్యాయుల సభ జరిగితే నా మెడలో బంతిపూల దండ వేశారు. కర్నూలు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన లేచి, ఈ మెట్ట ఊళ్లలో శిశు తరగతిలో ఆడపిల్లలూ మగపిల్లలూ సరిసమానంగా కూర్చున్న మొదటి బడి నాదేనని, నావంటివాళ్లు తాలూకాకు పదిమంది ఉంటే చాలునని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. దాన్ని వినయం అనుకున్నారు. నోరు తెరిచే ధైర్యం లేనివాడు వినయంగా కనపడడం చాలా సులువు.

సమానమన్న మాట నిజమే. ఎలా సమానమైందో చెబుతాను.

తర్లుపాడు దగ్గర ఒక పల్లెలో పంతులుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బడి అంటే ఒక కొట్టం, దాని ముందర పంచ. తల్లులు కూలికి పోతూ నాలుగైదేళ్ల మగపిల్లల్ని తెచ్చి శిశు తరగతిలో వదిలేవాళ్లు. ఆ వయసు పిల్లవాడు ఊరికే కూర్చోడు. ఏడుస్తాడు, లాగు తడుపుకుంటాడు, ఇంటికి పరుగెత్తుతాడు. అందుకని వాడి వెంట ఏడెనిమిదేళ్ల అక్కను కూడా పంపేవాళ్లు. అక్క పని తమ్ముడి ముక్కు తుడవడం, చదవడం కాదు. నేనూ ఆ ఆడపిల్లల్ని పంచలోనే ఉంచేవాణ్ణి.

మొదటి ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు రిజిస్టరు చూసి, ఆడపిల్లల వరస ఖాళీగా ఉందేమని గద్దించాడు. పంచలోని అక్కల వైపు వేలు చూపి, "మరి వాళ్లెవరు?" అన్నాడు. ఆయన అటు వెళ్లగానే వాళ్లందరినీ శిశు తరగతిలో రాసేశాను. వయసు గడిలో అందరికీ అయిదు. మరుసటి ఏడు ఆయన నా భుజం తట్టాడు.

అసలు కిటుకు ఆ తరవాతది. తమ్ముళ్లు ఒకటో తరగతికి పోయేవాళ్లు. అక్కలను కూడా పంపితే శిశు తరగతిలో ఆడపిల్లలు తగ్గిపోతారు. కొత్తవాళ్లను తేవాలంటే ఎండలో ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించాలి. దానికి నాకు ఒళ్లు వంగదు. పై తరగతుల్లో ఆడపిల్లలు ఎందరని అడిగినవాడు లేడు. కాబట్టి అక్కలను అక్కడే ఉంచాను. ముక్కు తుడవడానికి ఇంట్లో ఇంకో తమ్ముడు తయారయ్యేవాడు, లేకపోతే పక్కింటివాడు. ఏటేటా అదే ఆడపిల్లలు, అదే అయిదేళ్ల వయసు. ఏటేటా సమానం.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది. తండ్రి పలక రాయి తవ్వే గనిలో కూలి. ఆ పిల్ల తమ్ముడి పలక వెనకవైపు రాసుకుంటూ, వాడి పుస్తకంలోకి తొంగిచూస్తూ చదవడం నేర్చుకుంది. నేను నేర్పలేదు. ఆ గొప్ప కూడా నాకు కట్టబెట్టకండి. మూడో ఏడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయ్యవారూ, నన్ను ఒకటో తరగతిలో రాయండి."

"నీకింకా అయిదేళ్లే గదమ్మీ."

"పోయినేడూ అయిదే అంటిరి, అంతకుముందేడూ అయిదే అంటిరి. మా మేకపిల్ల గూడా పెరిగి ఈనింది. నేనొక్కదాన్నే అయిదులో ఉండా."

తరగతంతా నవ్వింది. నేను బెత్తం చూపించి కూర్చోబెట్టాను.

నాలుగో ఏడు, తనిఖీకి వారం ముందు, ఆమె తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు నలుగురు పంచలో ఉన్నారు.

"నాకు చదువు తెలీదు అయ్యవారూ. మీరు చెప్పిందే నాకు. చదువొచ్చినాది నాయనా అని ఇది రోజూ అంటాది. వచ్చింటే ఒకటో తరగతిలో ఏసుకోండి, ఎట్లనో తంటాలు పడి పంపిస్తా. రాలేదంటే చెప్పండి, గనికి తీసకపోతా. నాలుగేండ్లాయె."

పుస్తకం చేతికిచ్చి చదవమంటే సరిపోయేది. నిమిషం పని. కాని ఈ పిల్లను పైకి పంపితే మిగతా అక్కల తండ్రులూ వస్తారు. అదీ కాక, గనికి పోయినా పేరు శిశు తరగతిలోనే ఉంటుంది, ఒకటో తరగతికి పోతే ఉండదు. ఆ లెక్క నాకు రెప్పపాటులో తట్టింది.

"ఇంకా రాలేదప్పా. తల కొంచెం మొద్దు," అన్నాను.

"అబద్ధం నాయనా," అంది ఆ పిల్ల.

"అయ్యవారిని అట్లంటావా?" అని తండ్రి ఆ పిల్ల చెంప మీద ఒకటి కొట్టి తీసుకుపోయాడు.

తనిఖీ రోజు నేను ఆమె పేరు పిలిస్తే, ఎవరింటి నుంచో తెచ్చి కూర్చోబెట్టిన మూడేళ్ల పాప "హాజరు" అంది. ఆ ఏడు నేను శ్రద్ధగా నేర్పిన పాఠం అదొక్కటే. ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి పాప బుగ్గ గిల్లాడు.

దండ వేయించుకున్న మర్నాడు ఆ ఊరు పోయాను. ఇరవై ఏళ్లు దాటాయి. పెద్దదైన ఆ పిల్ల తన తండ్రి ఇంటి ముందర కూర్చుని పలకలకు కొయ్య చట్రాలు బిగిస్తోంది. ముసలాయన పక్కనే మంచం మీద ఉన్నాడు. నేను ఆమెతో చెప్పబోయాను.

"నాకెందుకు చెప్తారు? నాకు చదువొచ్చని నాకు తెలుసు గదా," అంది పని ఆపకుండా. "మా నాయనకు చెప్పండి. ఇప్పటికీ ఎవురన్నా అడిగితే, నాలుగేండ్లు పంపిస్తి, మా పాపకు అబ్బలేదు అంటాడు."

ఆయనకు చెప్పాను. ఇన్‌స్పెక్టరు సంగతి, వయసు గడి సంగతి, అన్నీ. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అంటే ఆ పొద్దు దాన్ని ఉత్తపుణ్యానికి కొట్టినానా?"

"అవును."

"రాలేదని నలుగురు ఆడోళ్ల ముందర చెప్తిరి. వచ్చని ఎవురి ముందర చెప్తారు అయ్యవారూ? నా మంచం ముందరనా?"

నేను తల వంచుకున్నాను. ఈసారి దాన్ని ఎవరూ వినయం అనుకోలేదు.

"ఆయనతో ఏంది గానీ, నువ్వు విన్యావా నాయనా?" అంది ఆమె.

"విన్యా."

ఆ నలుగురి కంటే ఎక్కువమంది చూస్తారని దీన్ని అచ్చుకు ఇస్తున్నాను. మూడో ఏటికే ఆ పిల్లకు చదువు వచ్చింది. రాలేదన్నది నేను.