హెరాల్డ్ చెయ్యి తీసుకున్న నది

రంగూన్‌లో మా చిమిండైంగ్ పేట వీధిలో ఉండే హెరాల్డ్‌కు ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది. మిగతాది రష్యా ఉత్తరాన యెనిసెయ్ నది తీసుకుంది. మనిషి మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. ఆ నది పేరెత్తినవాడికి మూడినట్టే.

కలప మోసే ఓడలో పనిచేసే రోజుల్లో జరిగింది. ఆ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఎండలు ముదిరి ఎగువన మంచు కరిగేసరికి దిగువన ఇంకా గట్టిగానే ఉంటుంది. నీళ్లకు దారి లేక నది ఉబ్బి, మంచును పగలగొట్టి, ఇళ్లంతేసి పలకలను ఒకదాని మీదికి ఒకటి ఎక్కిస్తుంది. ఒడ్డున చెట్లను వేళ్లతో పీకేస్తుంది. అదంతా అయిపోయిందనుకుని ఓడను రేవుకు కట్టారు. కాపలా హెరాల్డ్‌ది. మన రంగూన్ నదికి రోజూ ఆటుపోట్లు. బిగించి కడితే ఆటు వేళ నీరు దిగిపోయి పడవ తాడుకు వేలాడుతుంది. అందుకని మనవాళ్లు వదులుగా కడతారు. హెరాల్డ్ అక్కడా ఆ అలవాటు కొద్దీ తాడు వదులు చేశాడు. ఎగువన ఉపనదిలో చిక్కుకున్న మంచు ఒక్కసారిగా తెగి వచ్చి ఓడను తోసింది. వదులంతా ఒక్క కుదుపుతో బిగిసి తాడు తెగింది. వెనక్కి కొట్టిన కొస అతని చెయ్యి తెంపుకుపోయింది.

అలాంటిది, కొడుకు బాబ్జీ అదే నదికి పోయే ఓడలో పని దొరికిందన్నాడు. హెరాల్డ్ పీట ఎత్తి విసిరాడు. కుర్రాడి నుదురు పగిలింది.

"ఏటండీ ఇది?" భార్య ఎస్తర్ రక్తం తుడుస్తూ ఏడ్చింది. "ఇక్కడుంటే పట్టాళమోళ్లు యుద్దానికి ఎత్తుకెల్లిపోరా ఆడ్ని?"

"నా కొంపలోంచి ఎవుడెత్తుకెల్తాడో సూస్తాను!"

చూశాడు. వారం తిరక్కుండా సైనికులు పట్టపగలే వచ్చి, గుమ్మం ముందు నిలబడి, బాబ్జీని పేరు పెట్టి పిలిచారు. బాబ్జీ పెరటి గోడ దూకాడు. హెరాల్డ్ తలుపుకు వీపు ఆనించాడు. తుపాకీ మడమతో మొహం మీద కొట్టారు, పళ్లు రాలాయి. పడిపోయాక బూట్లతో డొక్కలో తన్నారు. ఉన్న ఒక్క చేత్తో గడప పట్టుకుని వదల్లేదు మొండివాడు. అతన్ని తొక్కుకుంటూ లోపలికి పోయి, ఎవరూ దొరక్క గిన్నెలన్నీ పగలగొట్టి, మళ్లీ వస్తామని చెప్పి పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా వీధిలో ఎవరి కాళ్లూ కదల్లేదు, నావీ కదల్లేదు.

మర్నాడు హెరాల్డ్‌ను టాక్సీలో ఊరికి తూర్పున ఉన్న తామ్వే పేటకు తీసుకెళ్లాను. బాబ్జీ అక్కడ చుట్టాలింట్లో దాక్కున్నాడు. తండ్రి మొహం చూసి బావురుమన్నాడు.

"నానెల్లను నానా. నీ సెయ్యి తినేసిన నది అది."

హెరాల్డ్ కొడుకు నుదుటి మీది కట్టును తడిమి ఏడ్చాడు. వాచిన నోటితో మాట సరిగ్గా రాలేదు.

"ఎల్లరా, ఈయేలే ఓడెక్కు. ఆ నదికి ఎవుడైనా ఒకటే, ఎదురొచ్చినోడ్ని కొడతాది. పేరెట్టి పిలిచి, ఇంటికొచ్చి తీసుకుపోదురా అది."