దిండు కింద కొడవలి

రాత్రంతా నా నిద్రకు కాపలా పెట్టి, ఈ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. నేను పగలు పత్తి జిన్నింగు మిల్లులో నిలబడే తూగుతున్నానని విని, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన కొత్త డాక్టరు పెట్టిన పరీక్ష ఇది. మధ్యాహ్నం కునుకు తీయకూడదు, కాఫీ తాగకూడదు. మంచం పక్కన నర్సమ్మ గడియారం పట్టుకుని కూర్చుంటుంది. మనం చేయాల్సిందల్లా నిద్రపోవడమే. హాయిగా నిద్రపోయాను.

తెల్లారేసరికి నర్సమ్మ ముఖం పాలిపోయి ఉంది. "నిద్దట్లో నీ ఊపిరి శానాసార్లు నిలిచిపోయిందప్పా. ఇంక రాదేమోనని లేపబోతే మళ్లా వచ్చేది" అంది. దిండు కింద దొరికిన కొడవలి కూడా చేతికిచ్చింది. ఇనుముంటే దయ్యం గుండెల మీద కూర్చోదని మా అమ్మ చెప్పినప్పటి నుంచి నా భార్య రోజూ పెట్టేదే. ఆసుపత్రికీ దుప్పట్లో చుట్టి పంపింది; నేను చూసుకోకుండా ఆ చుట్ట మీదే దిండు వేసుకున్నాను. సిగ్గుతో చచ్చాను.

ఇంటికి రాగానే ఆమె మీద విసుక్కున్నాను. "ఆసుపత్రిలో గూడా దయ్యం ఉంటాదా?"

"దయ్యానికని మీయమ్మ అనుకుంటాది. నీ ఊపిరి నిలిచినప్పుడల్లా నేను దాన్ని నీ ముక్కు కాడ పెడతా. ఇనుము మసకబారితే బతికుండావని పండుకుంటా. పెండ్లయినప్పటి నుంచి ఇంతే. ఆ నర్సమ్మకూ పనికొస్తాదని పంపితి."

ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది. పక్కలు పరిచి, ఆమె ఆ కొడవలిని కొంగుతో తుడుస్తోంది. మీ దిండు కింద ఏముందో మీరూ ఇంట్లో అడిగి చూడండి. అడిగాక నిద్ర పట్టకపోతే నన్ననకండి.