ఎలా పేర్చినా ఒకటి తక్కువ

నా చిన్నప్పుడు, ఉయ్యూరులో మా చిన్నత్తను అత్తారింటికి పంపే ముందు రోజుల్లో, సారె కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని బూందీ లడ్డూలు చుట్టాం. ఎన్ని చుట్టాలో మా నాయనమ్మ ముందే చెప్పింది. రెండువేల ఐదువందల ఇరవై. బడి మొహం చూడని మనిషి, ఆ అంకె వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. వియ్యాలవారు గడపకి ఐదు పంచినా, ఏడు పంచినా, పది వరకు ఎన్నేసి పంచుకున్నా ఆఖరి ఇంటికి తక్కువ పడకూడదని ఆవిడ పట్టుదల.

చుట్టడం పూర్తయ్యాక నేనొక లడ్డూ తీసి, పెరట్లోకి పోయి తినేశాను. అన్ని వేలల్లో ఒకటి పోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం నాయనమ్మ చాపల మీద తొమ్మిదేసి చొప్పున వరసలు పేర్పించింది. ఆఖరి వరసలో ఎనిమిదే వచ్చాయి. తొమ్మిది కాబట్టి దొరికింది, వేరే అంకైతే సరిపోతుందనుకుని, ఎనిమిదేసి పెడదామన్నాను. నాయనమ్మ నావైపు ఒక్క చూపు చూసి సరేనంది. అందరూ విసుక్కుంటూనే మళ్ళీ పేర్చారు. చివర ఏడు. ఈసారి ఏడేసి పెడదామన్నాను. చివర ఆరు.

"ఏమే, ఇంకేమన్నా అంకె మిగిలిందా?" అంది నాయనమ్మ.

నేను నాయనమ్మ వెనక్కి జరిగాను. ఈలోగా మా పిన్ని, మాతోపాటు పొద్దుటి నుంచి లడ్డూలు చుట్టిన పక్కింటి అక్క వైపు తిరిగింది.

"ఇందాక పిల్లకి పాలిస్తానని ఇంటికెళ్ళొచ్చారుగా మీరు?"

అక్క లేచి నిలబడి, అందరి ముందూ చీర చెంగు విప్పి దులిపింది. కళ్ళు నిండిపోయాయి.

ఇక ఉండబట్టలేక, నేనే తిన్నానని ఏడ్చేశాను. నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, "ఎనిమిదన్నప్పుడే తెలుసే నాకు. నీ నోటితో నువ్వే చెప్తావని చూశా," అంది. తర్వాత మిగిలిన బూందీ తెప్పించి, తక్కువైన లడ్డూ అక్క చేతే చుట్టించి, సారె బుట్టలో అన్నిటికన్నా పైన అదే పెట్టించింది. పిన్ని వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు విజయవాడలో కాలేజీలో చదివే మా మనవరాలికి ఈ సంగతి చెప్పాను. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం రాని అంకెల్లో అన్నిటికన్నా చిన్నది అదేనట. అందులో ఒకటి తగ్గితే, రెండు నుంచి పది దాకా ఎన్నేసి పేర్చినా ఆఖరి వరసలో సరిగ్గా ఒకటే తక్కువ పడుతుందట. ఏ దారిన పోయినా నీకు తప్పించుకునే వీల్లేదు అమ్మమ్మా అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ నాయనమ్మ నాకోసం అన్ని వేల లడ్డూలు రెండుసార్లు తిరగ పేర్పించి, చెప్పడానికి అంత సమయమిచ్చింది. ఆ ఓర్పుకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ సమయమంతా నేను దాక్కోవడానికే వాడుకోబట్టి, ఏ పాపం ఎరగని మనిషి చెంగు దులపాల్సి వచ్చింది. అప్పటినుంచి నావల్ల ఏ పొరపాటు జరిగినా, ఎవరూ ఎవరి వైపూ తిరిగి చూడకముందే నాదేనని చెప్పేస్తాను.